నాన్న నేర్పిన పరుగు

నా చిన్నప్పుడు మేము ఇంటి పైన ఉండేవాళ్ళం, మా నాన్న పని ఇంటి కింద ఉండేది. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి కొన్నేళ్ళే అయింది. బా పట్టణంలో, నదికి మరీ దూరం కాని ఒక వీధిలో, మా చెక్క ఇల్లు మనిషెత్తు స్తంభాల మీద నిలబడి ఉండేది. ఆ స్తంభాల మధ్య, గోడలు లేని నీడలో, నాన్న తన పనిబల్ల వేసుకున్నాడు. కింద ఉన్నది మట్టి నేల. పైన వంటింట్లో నిలబడితే చాలు, కింద ఆయన చెక్క కోస్తున్నాడో, మేకు కొడుతున్నాడో నా పాదాలకు తెలిసిపోయేది.

ఇంట్లో నేను, అమ్మ, నాన్న, నాన్నను కన్న మా అవ్వ. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. అవ్వ తల్లిదండ్రులు చెరకు తోటల్లో పనికి ఒప్పందం రాసిచ్చి, గిర్మిట్ కూలీలుగా ఓడెక్కి వచ్చినవాళ్ళు. వీధిలోనూ బడిలోనూ మాది హిందీ అయినా అవ్వ ముందు మాత్రం తెలుగే మాట్లాడాలి. రంపపు పొట్టు నేల మీద పలచగా పరిచి, అందులో వేలితో రాయించి నాకు అక్షరాలు నేర్పింది ఆమె. ఈ నాలుగు ముక్కలు ఇవాళ రాయగలుగుతున్నానంటే అది అవ్వ చలవ.

దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక తెల్లదొర తన సామాను అమ్మేస్తుంటే నాన్న అక్కడి నుంచి ఒక శాండర్ తెచ్చుకున్నాడు. చెక్కను నునుపు చేసే కరెంటు మెషీన్ అది. అప్పటికే పాతది. ఒళ్ళంతా లోహం, కింద గరుకు కాగితపు పట్టీ గిర్రున తిరుగుతూ ఉండేది. చేత్తో పొద్దంతా రుద్దితే గాని నునుపెక్కని బల్లను అది టీ చల్లారేలోపు అద్దంలా చేసేసేది. మొదటి రోజు వీధిలోవాళ్ళంతా చూడటానికి వచ్చారు. నాన్నకూ అది ముచ్చటగానే ఉండేది. కాని దాన్ని పట్టుకున్నప్పుడల్లా ఆయన వేరే మనిషి అయిపోయేవాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకునేవాడు. వేసి అనే ఆ దేశపు గట్టి చెక్క పొడి రొమ్ములోకి పోతే మళ్ళీ బయటికి రాదని అనేవాడు. చొక్కా చేతులు మోచేతి పైకి మడిచేవాడు. మెషీన్ కరెంటు తీగ పట్టీ కిందికి పోకుండా ఎడమ భుజం మీదుగా వీపు వెనక్కి వేసుకునేవాడు. రెండు చేతులతో పట్టుకుని, పట్టీ తిరగడం మొదలయ్యాకే చెక్క మీద ఆనించేవాడు. ఆపాక కూడా పట్టీ పూర్తిగా నిలిచేదాకా గాలిలోనే పట్టుకుని నిలబడేవాడు. నేను దగ్గరికి వెళ్ళాలంటే నా రెండు జడలూ పైకి చుట్టి పిన్నులు పెట్టుకోవాలి. ఒకసారి అవి చుట్టుకోకుండా వెళ్ళినందుకు ఆయన ఆ రోజంతా పని మానేసి కూర్చున్నాడు. నన్ను తిట్టలేదు.

"ఇది కుక్క కాదు పాపా, పిలిస్తే నిలబడేదానికి. స్విచ్ బంద్ జేస్తేనే నిలుస్తాది," అనేవాడు.

ఇంత జాగ్రత్త ఉన్న మనిషికి కూడా ఒకరోజు తీగ భుజం మీంచి జారింది. పట్టీ దాన్ని కొరికేసింది. నీలం మెరుపు, కాలిన రబ్బరు వాసన. ఆయనకేమీ కాలేదు. తీగ మెషీన్‌లోకి దూరే చోటుకు దగ్గరగా గాటు పడింది. దాని మీద నల్లటేపు చుట్టి, పక్కనున్న పెద్ద పట్టణం లౌటోకా వెళ్ళినప్పుడు కొత్త తీగ తెచ్చి మార్చాలని అన్నాడు. అలా అంటూనే ఉన్నాడు గాని వెళ్ళే వీలు చిక్కలేదు. ఆ మెరుపు చూసిన దగ్గరి నుంచి ఆయన మనసులో ఏదో భయం పడింది.

ఆ తరువాతి ఆదివారం నేను మెట్ల మీద కూర్చుని చెక్క చితుకులతో ఆడుకుంటున్నాను. నాన్న బల్ల దగ్గర శాండర్ పట్టుకుని నిలబడ్డాడు. ఉన్నట్టుండి ఆయన ఒళ్ళు బిగుసుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి, పళ్ళు కరుచుకుపోయాయి. గొంతులోంచి మాట రావడం లేదు. కళ్ళు మాత్రం నన్నే చూస్తున్నాయి. నేను ఒక్క ఉదుటున వెళ్ళి ఆయన నడుము రెండు చేతులతో చుట్టేసుకున్నాను.

వణుకు ఆగిపోయింది. అప్పుడు గమనించాను, మెషీన్ అసలు తిరగడమే లేదు. దాని ప్లగ్గు బల్ల మీద పడి ఉంది. నాన్న నవ్వుతాడేమో అని తలెత్తి చూశాను. ఆయన నవ్వలేదు. నన్ను ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు నువ్వు కూడా చచ్చిపోయినావు పాపా," అన్నాడు.

నేను ఏడ్చాను. ఏడుపు ఆగేదాకా ఊరుకుని, తరువాత సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు రాజధాని సువాలో ఒక చెక్క షాపులో పని నేర్చుకున్నాడట. అక్కడ ఒకతన్ని కరెంటు పట్టుకుంది. పక్కనే పని చేస్తున్న అతని తమ్ముడు అన్నను లాగబోయాడు. ఇద్దరినీ ఒకే లారీలో ఇంటికి పంపారట. లారీ మీద ఎక్కించినవాళ్ళలో నాన్న ఒకడు. "తమ్ముడికి ఏమీ కాలేదు ముందు. అన్నని ముట్టుకోకుండా ఉండుంటే వాళ్ళమ్మకి ఒక కొడుకన్నా మిగిలి ఉండేవాడు," అన్నాడు. "కరెంటు పట్టుకున్న మనిషిని ముట్టుకోగూడదు. ముందు స్విచ్. స్విచ్ బంద్ జేసినాకే మనిషి."

మెయిన్ స్విచ్ మెట్ల పక్కనున్న స్తంభానికి ఉండేది. నాకు అందదు. ఆయన అప్పటికప్పుడు ఒక చెక్కదిమ్మ కోసి, స్తంభం మొదట్లో కొట్టి, దాని మీదకెక్కితే నా చేయి అందుతుందో లేదో చూశాడు.

అక్కడి నుంచి మొదలైంది. పని మధ్యలో, టీ తాగుతూ, ఒకసారి అవ్వతో మాట్లాడుతూ కూడా, ఉన్నట్టుండి ఆయన బిగుసుకుపోయేవాడు. నేను ఆయనకు వీపు తిప్పి స్తంభం వైపు పరిగెత్తాలి. దిమ్మ ఎక్కి పిడి కిందికి లాగాలి. ఇది నాకు ఎంత అసహ్యంగా ఉండేదో చెప్పలేను. అబద్ధమని తెలిసి కూడా నా కాళ్ళు ఆయన వైపే వెళ్ళేవి. "మళ్ళీ నా తట్టుకే వచ్చినావు," అనేవాడు, కోపం లేకుండా. మళ్ళీ మొదటి నుంచి.

పై నుంచి అవ్వ చూసి ఊరుకోలేకపోయింది. "పసిబిడ్డతో చావు ఆట ఆడిస్తా ఉండావేరా," అంది.

"ఆట కాదమ్మా," అన్నాడు నాన్న.

చివరికి ఒకరోజు ఆలోచించకుండానే నా కాళ్ళు స్విచ్ వైపు పరిగెత్తాయి. పిడి లాగి, గెలిచినట్టు వెనక్కి తిరిగి చూశాను. నాన్న బల్లకు ఆనుకుని నా వైపే చూస్తున్నాడు. బాగా చేశావని ఒక మాట అంటాడనుకున్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టాడు. కన్నబిడ్డ తనను వదిలి పరిగెత్తేలా నేర్పుకున్న మనిషికి ఆ క్షణంలో ఏమనిపించిందో నాకు నా పిల్లలు పుట్టాక గాని తెలియలేదు.

ఆ ఏడు తుఫాను వచ్చింది. నది పొంగి మా మెట్లలో సగం దాకా నీళ్ళు చేరాయి. నీళ్ళు రాకముందే నాన్న అన్నింటికన్నా ముందు శాండర్ పైకి మోసుకొచ్చాడు. చిత్రికలు, ఉలులు ఉన్న పెట్టెను కిందనే, స్తంభాల మధ్యనున్న అడ్డకర్ర మీద పెట్టాడు. అక్కడిదాకా రావులే అనుకున్నాడు. పెట్టెను వరద పట్టుకుపోయింది. ఆయన రబ్బరు బూట్లూ పోయాయి. నీళ్ళు తీశాక ఊరంతా బురద, దానికి తోడు చచ్చిన పశువుల కంపు. లౌటోకా రోడ్డు తెగిపోయింది. ఇళ్ళ తలుపులన్నీ నీళ్ళు తాగి ఉబ్బిపోయి, ఏ ఒక్కటీ మూతపడటం లేదు.

మా ఎదురింట్లో ఒక ఫిజీయన్ పెద్దాయన ఉండేవాడు. మేమంతా ఆయనను మోమో అని పిలిచేవాళ్ళం. వాళ్ళ భాషలో మేనమామ అని అర్థం. మాతో మాత్రం మా హిందీలోనే మాట్లాడేవాడు. ఆయన కోడలు అప్పుడే ప్రసవించి ఉంది. వాళ్ళ తలుపు కూడా మూతపడటం లేదు. గాలి, జల్లు నేరుగా పసిబిడ్డ మీదకే. మోమో వచ్చి అడిగితే నేల ఆరేదాకా ఆగుదామని నాన్న చెప్పాడు. మోమో సరేనని వెళ్ళిపోయాడు. ఆయన తొందర పెట్టలేదు. ఈ సంగతి నేను ఎప్పుడు చెప్పినా గట్టిగా చెబుతాను.

ఆ పొద్దున కరెంటు తిరిగి వచ్చింది. మధ్యాహ్నానికి మళ్ళీ మబ్బు పట్టింది. ఎదురింటి నుంచి పసిబిడ్డ దగ్గు ఆగకుండా వినిపిస్తోంది. నాన్న మెట్ల మీద నిలబడి చాలాసేపు విన్నాడు. తరువాత పై నుంచి పొడి పలకలు దించి కింద బురద మీద పరిచాడు. చిత్రిక ఉంటే ఆ తలుపు అంచు చేత్తోనే తీసేవాడు. మిగిలింది శాండర్ ఒక్కటే. టేపు చుట్టిన చోటు గుడ్డతో తుడిచి, వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. మోమో, ఆయనా కలిసి తలుపు మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. బందుల మరలు వెతకడానికి మోమో ఇంటికి వెళ్ళాడు.

నేను మెట్ల మీద కూర్చుని బురదలో దొరికిన మేకులకు నూనె రాస్తున్నాను. అమ్మ కొంచెం అవతల కొళాయి దగ్గర గిన్నెలకు పట్టిన బురద కడుగుతోంది. నాన్న పలక మీద నిలబడి, భుజం మీద తీగతో, ఎప్పటిలాగే పని చేస్తున్నాడు. తలుపు పై అంచు అయిపోయింది. కింది అంచు అందడానికి ఒక కాలు పలక మీంచి దించి బురదలో పెట్టాడు. అంతే.

మోత మారింది. నేను తలెత్తాను. నాన్న ఒళ్ళు బిగుసుకుపోయి ఉంది. ఎన్నోసార్లు చూసిన రూపమే. కాని ఆటలో ఆయన ఎప్పుడూ చేయని ఒక చప్పుడు గొంతులోంచి వస్తోంది. కొళాయి దగ్గరి నుంచి అమ్మ తడిచేతులతో పరిగెత్తుకొస్తోంది.

నేను వీపు తిప్పాను. దిమ్మ బురదతో జారింది. మోకాలు కొట్టుకుంది, మళ్ళీ ఎక్కాను. పిడి లాగాను. మోత ఆగిపోయింది.

వెనక్కి తిరిగేసరికి నాన్న బురదలో పడి ఉన్నాడు. ఆయన మీద అమ్మ ఉంది. ఆమె చెయ్యి ఆయన భుజం మీద పడటం, కరెంటు పోవడం ఒక్కసారే జరిగాయని తరువాత అమ్మే చెప్పింది. తన చేతికి ఒక్క జలదరింపు తెలిసిందట. మోమో పరిగెత్తుకొచ్చి నాన్న రొమ్ము మీద నొక్కాడు, నోటిలో నోరు పెట్టి గాలి ఊదాడు. చెరకు లారీ ఒకటి దొరికితే అందులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం ఆ లారీలోనే తిరిగి తీసుకొచ్చారు.

ఇల్లంతా మనుషులు నిండిపోయారు. నా పాదాలకు, మోకాళ్ళకు బురద ఎండి పగుళ్ళు తీసింది. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. పక్క వీధి నుంచి వచ్చిన ఒకామె మాత్రం ఇంకొకామెతో అనడం విన్నాను. "తండ్రి అట్లా కొట్టుకుంటా ఉంటే పిల్ల వీపు తిప్పి పరిగెత్తిందంట." అవ్వ కూడా ఆ మాట విన్నది. కొడుకు శవం ముందు నుంచి లేచి, వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు కాచి తెచ్చింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, అందరి ముందూ నా పాదాలు కడిగింది. వేళ్ళ సందుల్లో బురద కూడా ఒక్కొక్కటిగా తీసింది.

"ఈ కాళ్ళు నా కొడుకు మాట విన్నాయి. అందుకే నా కోడలు బతికుండాది," అంది, ఎవరి వైపూ చూడకుండా.

మరునాడు నాన్నను సాగనంపాక మోమో ఒక చాప, వాళ్ళు నూరి పానీయం చేసుకునే యంగోనా మొక్క వేళ్ళ కట్ట తెచ్చి మా కింది మెట్టు మీద పెట్టి కూర్చున్నాడు. చావు ఇంటికి వాళ్ళు అలాగే వస్తారు. అమ్మ పై మెట్టు మీద ఉంది. "బహినీ, ఊ కేవాడీ హమార్ రహా," అన్నాడు. చెల్లీ, ఆ తలుపు నాది, అని. అవ్వ ఒక్కో మెట్టూ పట్టుకుని దిగి, ఆయన పక్కనే కూర్చుంది. చీకటి పడేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేది, జడలు వేసేది, జ్వరం వస్తే పక్కనే పడుకునేది. కాని నా మొహంలోకి చూసేది కాదు. నాతో మాట్లాడేటప్పుడు ఆమె కళ్ళు నా భుజం మీదనో, నా చేతుల మీదనో ఉండేవి. తండ్రిని వదిలి పరిగెత్తిన పిల్లను ఆమె క్షమించలేకపోయిందని నేను అనుకున్నాను. అవ్వ కడిగిన కాళ్ళే అమ్మకు తప్పు చేసినవిగా కనబడుతున్నాయని అనుకున్నాను. ఆ ఇల్లు వదిలి లౌటోకాలో మా మేనమామ ఇంటికి చేరాం. అమ్మ బట్టలు కుట్టి నన్ను చదివించింది. అవ్వ పోయింది. నా పెళ్ళి జరిగింది, పిల్లలు పుట్టారు. అమ్మ కళ్ళు మాత్రం నా భుజం మీదే ఉండేవి. నేనూ దానికి అలవాటు పడిపోయాను.

ఆఖరి రోజుల్లో అమ్మ నా దగ్గరే ఉంది. ఒక మధ్యాహ్నం వరండాలో కూర్చుని నేను కసావా గడ్డ చెక్కు తీస్తున్నాను. అమ్మ పక్కన కుర్చీలో కునుకుతోంది అనుకున్నాను.

"ఆ దినం నాకు తెలీక పోలేదే," అంది ఉన్నట్టుండి.

ఏ దినమో నేను అడగలేదు.

"మీ నాయన నాకూ నేర్పినాడు. నీకన్నా చానా ముందే, పెళ్ళైన కొత్తలోనే. ముట్టుకోగూడదని నాకు తెలుసు. స్విచ్ యాడుందో తెలుసు. తెలిసే ఆయన కాడికి పోయినా."

"ఆ నిమిషంలో ఎవరైనా అంతే కదమ్మా," అన్నాను.

"నువ్వు విను. ఆయనొక్కడే పోగూడదనుకున్నా. నువ్వు ఆడనే ఉండావు, మెట్ల మీద. నా కంటికి ఆనినావు. అయినా నిన్ను తలుచుకోలే. నీ మొగం చూస్తే అదే గెవనానికి వచ్చేది. బిడ్డని ఒక్కదాన్నే ఇడిసిపెట్టి పోబోయిన తల్లినని. అందుకే చూళ్ళేకపోయినా. నీ తప్పేం లేదు."

ఇన్నేళ్ళూ ఆమె సిగ్గును నేను కోపమనుకున్నాను. నా మౌనాన్ని ఆమె ఏమనుకుందో నాకు ఇప్పటికీ తెలియదు. కత్తి పక్కన పెట్టి ఆమె కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను. అమ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తి, మసకబారిన కళ్ళతో చాలాసేపు నా మొహం చూసింది. నాకు నెరిసిన జుట్టు ఎంత ఉందో అప్పుడే చూసినట్టుంది. చేత్తో దాన్ని వెనక్కి దువ్వింది.

అమ్మ ఆ తరువాత ఎక్కువ కాలం లేదు.

ఇప్పుడు మా చిన్నవాడి గరాజులో కూడా ఒక శాండర్ ఉంది. ప్లాస్టిక్ ఒళ్ళు, పొడి పట్టే సంచి. తేడా వస్తే కరెంటు దానంతటదే తెగిపోయే స్విచ్ కూడా పెట్టించాడు. ముసుగు కట్టుకోమని, పట్టీ మార్చేముందు ప్లగ్గు పీకమని, తడి నేల మీద వద్దని నేను చెబుతూనే ఉంటాను. అన్నీ తెలుసమ్మా అంటాడు. తెలుసని నాకూ తెలుసు. మా అమ్మకు కూడా అన్నీ తెలుసు. అందుకే వాడి పిల్లలను పిలిచి, వాళ్ళ నాన్న పని చేస్తుండగా గరాజు ఈ చివర నుంచి ఆ చివరనున్న స్విచ్ దగ్గరకు పరిగెత్తిస్తాను. వాళ్ళ కాళ్ళు తిన్నగా తండ్రి వైపే పోతాయి. నేను వాళ్ళను తిట్టను. దగ్గరికి పిలిచి, ప్రతి ఒక్కరి మొహంలోకీ చూసి, మళ్ళీ మొదటి నుంచి పరిగెత్తమంటాను.